ఆర్‌10 మ్యాచ్ 0.53 గ్రాముల పెల్లెట్: పది మీటర్ల రైఫిల్‌కు ఈ బరువు ఎందుకు నప్పుతుంది?

హైదరాబాద్‌లో పిల్లలను ఎయిర్ రైఫిల్ శిక్షణలో చేర్పించిన తల్లిదండ్రులకు తొలి రోజుల్లోనే ఎదురయ్యే చిక్కు పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో నింపే చిన్న సీసపు గుండు) బరువు. ఒక డబ్బా మీద 0.45 గ్రాములని, మరో డబ్బా మీద 0.53 గ్రాములని ఉంటుంది. ఇంకొన్నింటి మీద అదే బరువును 7 గ్రెయిన్లని, 8.2 గ్రెయిన్లని ముద్రిస్తారు. దుకాణంలో అడిగితే బరువైనది నిలకడగా పోతుందని ఒకరు, తేలికైనది వేగంగా పోతుంది కనుక అదే మేలని మరొకరు చెబుతారు. మా అమ్మాయి రైఫిల్‌లో కొంతకాలంగా జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యూఎస్ వారి ఆర్‌10 మ్యాచ్ పెల్లెట్లను, అందులోనూ 0.53 గ్రాముల రకాన్ని వాడుతున్నాము. వాటి మీద నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని, ఆ బరువును ఎంచుకోవడం వెనుక ఉన్న లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

తూటా బరువు గురించి వెతికేవారికి ముందుగా కనిపించేది అమెరికాలో పెద్ద జంతువులను వేటాడేవారి చర్చ. తమ తూటాలను తామే కూర్చుకునే ఆ వేటగాళ్లు, అంటే పేలిన తొడుగులో కొత్త ప్రైమర్‌ను (మందును అంటించే చిన్న భాగాన్ని), తూచిన తుపాకి మందును, తాము ఎంచుకున్న గుండును అమర్చుకునేవారు, .308 కొలతలో (అంగుళాల్లో గుండు వ్యాసం) 150 గ్రెయిన్ల గుండు జింకకు సరిపోతుందని, ఎల్క్ వంటి భారీ జంతువుకు 180 గ్రెయిన్లు ఉండాలని చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆ వాదనకు గట్టి ఆధారమే ఉంది. ఒకే వ్యాసం, ఒకే తీరు ఉన్న రెండు గుండ్లలో బరువైనది పొడవుగా ఉంటుంది. దాని సెక్షనల్ డెన్సిటీ (వ్యాసంతో పోల్చి చూసే బరువు కొలత) 150 గ్రెయిన్ల దగ్గర 0.226 ఉంటే 180 గ్రెయిన్ల దగ్గర 0.271 అవుతుంది, అందుచేత అది కండలోకి, ఎముకలోకి మరింత లోతుగా దిగుతుంది. పూర్తిగా రాగితో చేసిన గుండ్లు తగిలిన తరువాత కూడా బరువును దాదాపుగా కోల్పోవు కనుక, వాటితో కొంత తేలికైన గుండుకే సరిపెట్టుకోవచ్చునని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఆ చర్చలోని సలహాలను యథాతథంగా తెచ్చి మన ఎయిర్ రైఫిల్‌కు అన్వయించడం సరికాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 4.5 మిల్లీమీటర్ల కొలతకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేకపోయినా, దానితో అడవి పక్షిని కొట్టడం నేరమే. మన లక్ష్యం పది మీటర్ల దూరంలోని కాగితం లేదా ఎలక్ట్రానిక్ టార్గెట్ మాత్రమే కాబట్టి ఎంత లోతుగా దిగుతుందన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. మిగిలేది ఒకే ఒక్క ప్రశ్న: ఒక పెల్లెట్ పడిన చోటనే తరువాతి పెల్లెట్ కూడా పడుతుందా?

ఈ ప్రశ్న ఎంత సూక్ష్మమైనదో టార్గెట్ కొలతలు చూస్తే అర్థమవుతుంది. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం కేవలం 0.5 మిల్లీమీటరు; అక్కడి నుంచి ఒక్కొక్క వలయం వెడల్పు 2.5 మిల్లీమీటర్లు, దశాంశ లెక్కలో 0.1 పాయింటుకు దక్కేది పావు మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు, రజతానికి ఆయన దూరమైనది 0.4 పాయింటు తేడాతో. అంతటి పోటీలో పెల్లెట్ విషయంలో ఎవరూ ఉదాసీనంగా ఉండరు.

ఇక బరువు లెక్క. పోటీ రైఫిళ్లు సాధారణంగా 7.5 జౌళ్ల దరిదాపు శక్తితో పనిచేస్తాయి. ఆ శక్తితో 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 168 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, 0.45 గ్రాముల పెల్లెట్ అయితే సుమారు 182 మీటర్ల వేగం అందుకుంటుంది. పది మీటర్లు ప్రయాణించేలోగా భూమ్యాకర్షణ వల్ల మొదటిది 19 మిల్లీమీటర్ల దాకా కిందికి దిగితే, రెండవది 16 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. ఆ తేడా రెండు మూడు మిల్లీమీటర్లు, అంటే సుమారుగా ఒక వలయం. కాబట్టి ఒక బరువుతో సైటు (గురి చూసే పరికరం) సరిచేసుకుని, డబ్బా అయిపోయిందని స్నేహితురాలి దగ్గర మరో బరువు పెల్లెట్లు తీసుకుని కాల్చే పిల్లలు, తమ నిలబడే తీరులో లోపం వచ్చిందని అనవసరంగా బాధపడతారు. సైటును కొన్ని క్లిక్కులు తిప్పితే పోయే తేడా అది. బరువైనదా, తేలికైనదా అన్నదానికన్నా ఒకే బరువుకు కట్టుబడి ఉండటం ముఖ్యమని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

అలాంటప్పుడు రైఫిల్‌కు 0.53 గ్రాములే ఎందుకు అలవాటుగా మారింది? ఎయిర్ పిస్టల్‌కు బ్యారెల్ పొట్టిది, వేగం తక్కువ. తేలికైన పెల్లెట్ అక్కడ త్వరగా బ్యారెల్ దాటిపోతుంది కనుక చేయి కదిలే వ్యవధి తగ్గుతుంది. పైగా పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయమే 11.5 మిల్లీమీటర్లు ఉంటుంది. రైఫిల్‌కు రెండు చేతుల, భుజం, చెంప ఆధారం ఉంది, వేగానికీ కొదవ లేదు; అందువల్ల కొంచెం బరువైన పెల్లెట్‌తో నష్టం ఉండదు. ఇది ఆనవాయితీయే తప్ప నియమం కాదు. సీసంతో గానీ అలాంటి మెత్తని లోహంతో గానీ చేసిన 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ ఏ బరువుదైనా పోటీలో చెల్లుతుంది. మా రైఫిల్‌లో తేలికైన రకాన్ని కూడా కాల్చి చూశాము. పెల్లెట్లు పడిన చోటు పైకి జరిగింది గానీ గుంపు (వరుసగా కాల్చిన పెల్లెట్లు పడిన రంధ్రాల సమూహం) చెదరలేదు.

ఆర్‌10 మ్యాచ్ విషయానికి వస్తే, డబ్బా మూత తీయగానే గమనించదగినది అంచుల శుభ్రత. పెల్లెట్ ముందు భాగం బల్లపరుపుగా ఉండి కాగితంలో గుండ్రని, తెగిన అంచుల రంధ్రం చేస్తుంది. కాగితపు టార్గెట్ మీద గేజ్‌తో పాయింట్లు కొలిచే చోట ఈ గుణం చాలా అవసరం. నడుము సన్నగా, వెనుక భాగం పలుచని గంట ఆకారంలో ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ పలుచని అంచు విచ్చుకుని బ్యారెల్ లోపలి గాడులను పట్టుకుంటుంది. ఆ అంచు ఏ మాత్రం నొక్కుకుపోయినా పెల్లెట్ దారి తప్పుతుంది. నేను చూసినంతలో ఈ రకంలో తయారీ దశలోనే నొక్కులు పడినవి తగలలేదు. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర తెప్పించుకున్న వేరే డబ్బా మాత్రం మూల వంగి వచ్చింది. లోపల చాలా పెల్లెట్ల అంచులు దెబ్బతిన్నాయి, తిరిగి తీసుకోవడానికి ఆ విక్రేత ఒప్పుకోలేదు. సీసం ఎంత మెత్తనిదో తెలిసినవారు దానిని పుస్తకాల పార్సిల్ లాగా పంపరు. అప్పటి నుంచి సికింద్రాబాద్‌లో కళ్లెదుట మూత తీసి చూపించే దుకాణంలోనే కొంటున్నాము, అక్కడ ధర కొంత ఎక్కువైనా సరే.

డబ్బా మీద బరువుతోపాటు తల కొలత (పెల్లెట్ ముందు భాగం వ్యాసం, మిల్లీమీటర్లలో) కూడా ఉంటుంది: 4.49, 4.50 అని. కొనేవారిలో చాలామంది దీనిని పట్టించుకోరు. నా దృష్టిలో బరువుకన్నా ముందు చూడవలసినది ఇదే. కోచ్ గారి అనుమతితో అకాడమీలో రైఫిల్‌ను బిగింపులో పెట్టి, మనిషి చేతి ప్రమేయం లేకుండా, ఒక్కొక్క రకంతో పదేసి పెల్లెట్లను ఒకే గురికి కాల్చి పరీక్షించాము. ఆర్‌10లో 4.50 తల ఉన్న లాట్‌తో (ఒకే విడతలో తయారైన సరుకుతో) పది పెల్లెట్లూ కలిసి చేసిన రంధ్రం, బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే, ఆరు మిల్లీమీటర్లలోపే వచ్చింది. ఒక్క పెల్లెట్ వ్యాసమే నాలుగున్నర మిల్లీమీటర్లని గుర్తుంచుకుంటే అది ఎంత దగ్గరి గుంపో తెలుస్తుంది. అదే బరువున్న 4.49 లాట్‌తో గుంపు కొంచెం విస్తరించింది. ఆ రోజే పక్కన ఉన్న అబ్బాయి రైఫిల్‌లో, అది మాదాని మోడలే అయినా, హెచ్ అండ్ ఎన్ వారి ఫినాలె మ్యాచ్ పెల్లెట్ అన్నింటికన్నా చక్కని గుంపు ఇచ్చింది. ఏ బ్యారెల్‌కు ఏది నచ్చుతుందో కాల్చి చూడనిదే తెలియదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని రేంజ్‌లో పోటీలు జరిగినప్పుడు పెద్ద పిల్లలను గమనిస్తే, ఒక్కొక్కరు తమ లాట్ నంబరును డైరీలో రాసుకుని ఉంటారు. ఆ అలవాటు మెచ్చుకోదగినది.

బంగారం తూచే చిన్న కాటా కొని ఒక్కొక్క పెల్లెట్‌నూ తూచి వేరుచేసే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. వారి శ్రద్ధను గౌరవిస్తూనే, పది మీటర్లకు అది అనవసరమని చెప్పక తప్పదు. శక్తి మారకుండా ఉంటే, పెల్లెట్ కిందికి దిగే కొలత దాని బరువుకు అనులోమంగా మారుతుంది. 0.53 గ్రాములలో ఐదు మిల్లీగ్రాముల తేడా అంటే సుమారు ఒక శాతం. 19 మిల్లీమీటర్లలో ఒక శాతం అంటే 0.2 మిల్లీమీటరు కూడా కాదు, అంటే ఒక్క దశాంశానికన్నా తక్కువ. మంచి పోటీ పెల్లెట్లలో తేడా సాధారణంగా అంతకు మించదు. వందల మీటర్ల దూరానికి గుండ్లు కూర్చుకునే అమెరికా వేటగాడికి ఆ తూకం సమంజసమే, ఎందుకంటే దూరంతోపాటు చిన్న తేడా పెద్దదవుతుంది. పిల్లలకు ఆ గంటను తూకానికి బదులు ట్రిగ్గర్ సాధనకు కేటాయిస్తే నిజమైన లాభం ఉంటుంది. తూచడం మాని, కాల్చే ముందు ప్రతి పెల్లెట్ వెనుక అంచును ఒకసారి వెలుతురులో తిప్పి చూడటం నేర్పించండి.

ధర దగ్గరే నాకు ఈ పెల్లెట్ మీద కొంత సంకోచం ఉంది. అర్హత రౌండులో 60 షాట్లు ఉంటాయి. సైటింగ్‌తో (ముందుగా గురి సరిచూసుకునే షాట్లతో) కలిపితే ఇంకా ఎక్కువ అవుతాయి. రోజూ సాధన చేసే పిల్లలకు 500 పెల్లెట్ల డబ్బా ఎంతోకాలం రాదు. దిగుమతి సరుకు కావడం వల్ల ఒక్కోసారి దొరకదు కూడా. చేతిలో గుంపే ఇంకా రెండు వలయాలకు విస్తరించి ఉన్న కొత్తవారికి ఆర్‌10 ఇవ్వడం వల్ల ఫలితం కనిపించదు, ఎందుకంటే చేతి తప్పు పెల్లెట్ తప్పుకన్నా ఎన్నో రెట్లు పెద్దది. అదే సంస్థ చేసే మైస్టర్‌కుగెల్న్ రైఫిల్ రకం కూడా 0.53 గ్రాములే, మేము రోజువారీ సాధనకు దానిని, పోటీకి, పోటీకి ముందరి వారానికి ఆర్‌10ను వాడుతున్నాము. బరువు ఒకటే కావడంతో సైటు మార్పు దాదాపుగా అవసరం రాలేదు. రెండు బరువుల మధ్య మారుతూ ఉంటే ఈ సౌలభ్యం ఉండదు.

నిల్వ విషయంలో మన ఊరి వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. తేమ తగిలిన సీసం మీద తెల్లని పొడి పేరుకుంటుంది. అలాంటి పెల్లెట్లను బ్యారెల్‌లోకి ఎక్కించకూడదు. మూత గట్టిగా పెట్టి, డబ్బాను పొడిగా ఉండే అరలో, చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి. పెల్లెట్లు ముట్టుకున్న చేతులతో తినుబండారాలు తాకకుండా, రేంజ్ నుంచి బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కునేలా పిల్లలను అలవాటు చేయండి, ఎందుకంటే సీసం కొద్దికొద్దిగా లోపలికి వెళ్లినా ఎదిగే పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పెల్లెట్లను పెదవుల మధ్య పట్టుకుని ఒక్కొక్కటిగా తీసి నింపడం కొందరు కుర్రవాళ్లలో చూశాను. కనబడిన వెంటనే మాన్పించవలసిన పని అది.

కొనదలచినవారు ముందు ఒక్కొక్క డబ్బా చొప్పున 4.49, 4.50 రెండూ తీసుకుని, తమ రైఫిల్‌లో పరీక్షించుకుని, నచ్చిన లాట్‌లోనే రాష్ట్ర పోటీల దాకా సరిపడే డబ్బాలు ఒకేసారి అడగండి. పరీక్షకు వాడిన డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగితే అదే లాట్ నంబరు దుకాణంలో మళ్లీ దొరకకపోవచ్చు.