హ్యావ్‌లాక్ స్కూబా: కొత్త జంటల ప్యాకేజీలో ఏది పనికొస్తుంది, ఏది దండగ

లగ్నపత్రిక రాసుకున్న వారం తిరక్కుండానే ఫోన్లకు అండమాన్ హనీమూన్ ప్యాకేజీలు రావడం మొదలవుతుంది. ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు, మంచం మీద పూలు, ఒక క్యాండిల్ లైట్ డిన్నర్, చివర్లో 'జంటకు కాంప్లిమెంటరీ స్కూబా'. ఈ సమీక్ష ఆ ఆఖరి ముక్క గురించే, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ళ అడుగున ఊపిరి పీలుస్తూ తిరగడం గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం. అండమాన్‌లోని హ్యావ్‌లాక్ ద్వీపంలో సముద్రం అడుక్కి దిగడం పెట్టిన డబ్బుకు తగినదే. కాకపోతే దాన్ని ప్యాకేజీలో కలిపి కొనకండి, నేరుగా డైవ్ షాపుతో మాట్లాడుకోండి. ప్యాకేజీలో అది ఏ రోజు, ఏ పూట అన్నది ఏజెంటు హోటల్ గదుల ఖాళీని బట్టి నిర్ణయమవుతుంది. డైవ్ బాగుండాలంటే చూడాల్సినవి వేరు: పోటు, గాలి, మీ ముక్కు, తిరుగు విమానం టైము.

ప్రభుత్వ కాగితాల్లో హ్యావ్‌లాక్ పేరు 2018 డిసెంబర్ నుంచి స్వరాజ్ ద్వీప్, దాని దగ్గర్లోని నీల్ ద్వీపం పేరు షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారు పడక్కర్లేదు.

కొత్తవాళ్ళకు అమ్మేది ట్రయల్ డైవ్, అంటే ఇన్‌స్ట్రక్టరు వెంట ఉండి రుచి చూపించే డైవ్. ఈత రాకపోయినా దింపుతారు. నియమం ప్రకారం 12 మీటర్ల లోతు దాటకూడదు. హ్యావ్‌లాక్‌లో మామూలుగా 5 నుంచి 10 మీటర్లే తీసుకెళ్తారు. నీళ్ళలో ఉండేది 20 నుంచి 35 నిమిషాలు. మూడు గంటల ప్రోగ్రాం అని రాసి ఉంటుంది గానీ, అందులో ఫారాలు నింపడం, వెట్‌సూట్ అనే బిగుతు రబ్బరు దుస్తుల్లోకి దూరడం, నడుములోతు నీళ్ళలో పాఠం, తిరిగి రావడం అన్నీ కలిసే ఉంటాయి. తీరం నుంచి నడుచుకుంటూ దిగే డైవ్‌కు మనిషికి సుమారు మూడున్నర నుంచి ఐదు వేలు అవుతుంది, పడవ మీద లోపలికి వెళ్ళి దిగేదానికి అంతకు ఒకటిన్నర రెట్లు. 'కాంప్లిమెంటరీ' అంటే దాదాపు ఎప్పుడూ తీరం డైవే. ఆటు సమయంలో అయితే సిలిండర్ వీపున వేసుకుని రాళ్ళ మీద చాలా దూరం నడవాలి. గాలి నింపిన సిలిండర్ ఒక్కటే సుమారు 15 కిలోలు. కాబట్టి షాపుకు ఫోన్ చేసినప్పుడు ముందు అడగాల్సింది రేటు కాదు, 'ఆ రోజు పోటు ఎన్నింటికి?' అని. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గరే బుక్ చేసుకోండి.

రెండో ప్రశ్న, ఒక్కో మనిషికి ఒక్కో ఇన్‌స్ట్రక్టరా, జంటకు ఒకరేనా? కచ్చితంగా ఇద్దరు ఉండాలి. చెవులు అందరివీ ఒకే వేగంతో సర్దుకోవు. ఆయన మూడు మీటర్ల దగ్గర ఆగిపోతే ఆవిడ కిందికి పోలేదు, ఆవిడకు భయమేసి పైకి వస్తే ఆయన డైవ్ కూడా అక్కడితో సరి. 'ఒకరు తిరిగి వచ్చేస్తే రెండోవాళ్ళు కొనసాగాలా?' అన్నది ఒడ్డునే మాట్లాడుకుని ఇన్‌స్ట్రక్టర్లకు చెప్పండి. కొత్తగా పెళ్ళైనవాళ్ళ దగ్గర ఈ మాట మొహమాటంతో మిగిలిపోతుంది. నీళ్ళలో తేల్చుకుందామంటే అక్కడ మాటలుండవు.

డైవ్‌లు చెడేది ఎక్కువగా చెవుల దగ్గరే. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. అంటే 10 మీటర్ల దగ్గరకు వెళ్ళేసరికి మధ్యచెవిలో గాలి సగం జాగాలోకి కుంచించుకుపోతుంది, కర్ణభేరి లోపలికి లాగినట్టవుతుంది. నొప్పి మాత్రం పది మీటర్ల దాకా ఆగదు, ఒకటి రెండు మీటర్లలోనే పట్టుకుంటుంది. మాస్కు మీదుగా ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదితే 'టిక్' మని సర్దుకుంటుంది. నొప్పి వచ్చాక ఊదితే ఫలితం తక్కువ. నొప్పి రాకముందే, ప్రతి అర మీటరుకూ ఊదుతూ దిగాలి. సర్దుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదకూడదు. హోటల్ గదిలో పడుకునే ముందు నాలుగైదు సార్లు నెమ్మదిగా అలవాటు చేసుకుంటే మర్నాడు సగం పని అయిపోయినట్టే.

పెళ్ళివారికి ఇక్కడే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. హోమం పొగ, నాలుగైదు రాత్రుల నిద్రలేమి, రిసెప్షన్‌లో ఐస్‌క్రీమ్, ఏసీ బస్సులో ప్రయాణం, వీటన్నిటి తర్వాత జంటలో ఒకరికైనా జలుబు చేసే ఉంటుంది. జలుబుతో దిగకూడదు. మాత్ర వేసుకుని ముక్కు తెరుచుకుంది కదా అని దిగితే ఇంకా ప్రమాదం. అడుగున ఉండగా మందు ప్రభావం తగ్గితే పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి దారి ఉండదు. అందుకే పెళ్ళికీ డైవ్‌కీ మధ్య కనీసం వారం ఉంచమంటాం. సత్యనారాయణ వ్రతం, మూడు నిద్రలు అన్నీ అయ్యాక బయలుదేరితే ఆ వారం ఎలాగూ గడిచిపోతుంది. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మెడికల్ ఫారంలో దాచకండి. బుక్ చేసేముందే డాక్టరు దగ్గర రాయించుకోవాలి, అక్కడికి వెళ్ళాక ఆ కాగితం దొరకడం కష్టం. గర్భం అనుమానం ఉన్నా డైవ్ వద్దు.

పాఠంలో నేర్పేది నాలుగు విషయాలే: ఆపకుండా ఊపిరి పీల్చి వదలడం, చెవులు సర్దుకోవడం, మాస్కులోకి నీళ్ళు వస్తే ముక్కుతో ఊది బయటికి తోయడం, సైగలు. మొదటిదానికి కారణం తెలిస్తే మర్చిపోరు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే పీడనం తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, అవి చిరిగేదాకా వెళ్ళొచ్చు. సైగల దగ్గర మనవాళ్ళందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇన్‌స్ట్రక్టరు 'బాగుందా?' అన్నట్టు చూడగానే బొటనవేలు పైకెత్తుతారు. నీళ్ళలో దానికి అర్థం 'పైకి పోదాం'. ఆయన బుద్ధిగా పైకి తీసుకొచ్చేస్తాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఆ పాఠం హిందీలోనో ఇంగ్లీషులోనో జరుగుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం దాకా ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో దగ్గర నుంచి టిఫిన్ సెంటరు దాకా తెలుగు చెల్లుతుంది. హ్యావ్‌లాక్‌లో స్థిరపడినవాళ్ళలో బెంగాలీలు ఎక్కువ. మీలో ఎవరికైనా హిందీ, ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రమైతే తెలుగో తమిళమో వచ్చిన ఇన్‌స్ట్రక్టరు కావాలని ముందు రోజే చెప్పి ఉంచండి.

ఇక వధూవరుల ఒంటి మీద ఉన్నవాటి సంగతి. దీని గురించి ఏజెంటు చెప్పడు, డైవ్ షాపులో ఆఖరి నిమిషంలో చెబుతారు. నిశ్చితార్థం ఉంగరం గదిలో లాకర్లో పెట్టి రండి. నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే వేళ్ళు కాస్త సన్నబడతాయి, చర్మం జారుడుగా ఉంటుంది, ఇసుకలో పడిన ఉంగరం దొరకదు. ముక్కుపుడక ఉంటే తీసెయ్యడమే మేలు. చెవులు సర్దుకోవడానికి ముక్కు నొక్కిన ప్రతిసారీ అది గుచ్చుకుంటుంది. తీయకూడదంటే ముక్కు కొసను మాత్రమే నొక్కడం ముందే అలవాటు చేసుకోవాలి. మంగళసూత్రం తీయక్కర్లేదు. పసుపుతాడును వెట్‌సూట్ మెడ లోపలికి దోపుకుంటే ఎక్కడా చిక్కుకోదు. తర్వాత మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ పసుపు రాసుకుంటే చాలు. నల్లపూసల గొలుసు మాత్రం ఒడ్డునే ఉండాలి. మెట్టెల వల్ల చిక్కు ఫిన్‌లు (కాళ్ళకు తొడిగే ఈత రెక్కలు) ఇస్తేనే. మడమ దాకా మూసి ఉండే రబ్బరు ఫిన్‌లో వేళ్ళు బిగుసుకుని, మెట్టె పక్క వేలిని కోస్తుంది. లోపల వేసుకునే మెత్తటి సాక్సులు అడగండి. జడ మెడ దగ్గర కిందికి కట్టుకుంటే మాస్కు పట్టీ నిలుస్తుంది. కాటుక వద్దు, కరిగి కళ్ళు మండుతాయి. స్టిక్కర్ బొట్టు అయితే ఊడి మాస్కులోనే తిరుగుతూ ఉంటుంది.

పెళ్ళికొడుకు వైపు చిక్కు మీసం. మాస్కు అంచు పై పెదవి మీద అతుక్కోవాలి. గుబురు మీసం అక్కడ సందు ఇస్తుంది, నీళ్ళు బొట్లు బొట్లుగా వస్తూనే ఉంటాయి. పూర్తిగా తీయక్కర్లేదు, ముక్కు కింద రెండు మూడు మిల్లీమీటర్ల మేర సన్నగా కత్తిరిస్తే చాలు. అది కూడా ఇష్టం లేకపోతే ప్రతి నిమిషానికీ ముక్కుతో ఊది నీళ్ళు తోస్తూ ఉండాలి. అదేమంత కష్టం కాదు.

వీడియో మీద అదనంగా డబ్బు పెట్టాలా? షాపువాళ్ళు డైవ్‌లో కలిపి ఇస్తే తీసుకోండి, విడిగా కొనక్కర్లేదు. నీళ్ళు మొదట మింగేసేది ఎరుపు రంగునే. ఐదారు మీటర్లకే ఎరుపు మాసిపోయి గోధుమగా, ఇంకా కిందికి పోతే నల్లగా కనిపిస్తుంది. అంత మోజుపడి పెట్టించుకున్న గోరింటాకు ఫొటోలో బొగ్గు పూసినట్టు వస్తుంది. పసుపు మాత్రం చాలా లోతు దాకా పసుపుగానే ఉంటుంది. 'జంట షూట్' పేరుతో ఎర్ర గౌను అద్దెకిచ్చే చోట ఈ సంగతి గుర్తుంచుకోండి. పసుపో తెలుపో వేసుకుంటే ఎడిటింగ్ లేకుండానే బాగుంటుంది. కెమెరాకు ఎర్ర ఫిల్టర్ ఉందా అని అడగండి, లేకపోతే వీడియో అంతా నీలం ముసుగే.

రోజుల వరుస సరిగ్గా కుదిరితే మిగతా చిక్కులు చాలావరకు రావు. విమానం దిగిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి, మర్నాడు పొద్దున ఫెర్రీలో హ్యావ్‌లాక్ చేరండి. ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటల దాకా. ఆ సాయంత్రం రాధానగర్ బీచ్. ఆ తర్వాతి పొద్దున డైవ్ పెట్టుకోండి. గాలి ఎక్కువై రద్దయితే ఇంకో పొద్దున చేతిలో ఉండాలి, కాబట్టి హ్యావ్‌లాక్‌లో మూడు రాత్రులు తక్కువ కాకుండా బుక్ చేయండి. అక్కడి నుంచి నీల్, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్, ఒక రాత్రి ఆగి విమానం. డైవ్ చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. రక్తంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకుండా విమానంలో పీడనం తగ్గితే బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం విమానం అని రాసిన ప్యాకేజీ కనిపిస్తే ఆ ఏజెంటుతో మాటలు అక్కడితో ముగించండి.

'సాయంత్రం స్కూబా' అని రాసినా నమ్మకండి. దేశమంతటికీ ఒకే గడియారం, అండమాన్ మాత్రం చాలా తూర్పున. డిసెంబర్‌లో ఐదింటికే పొద్దు గూకుతుంది. మంచి డైవ్‌లన్నీ ఆరున్నర నుంచి పదకొండు లోపే. ముందు రాత్రి మద్యం వద్దు, పొద్దున పూరీలు, వడలు వద్దు. పడవ ఊగేటప్పుడు అవే బయటికొస్తాయి. దిగడానికి రెండు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు, నీళ్ళు చాలు.

కాలం విషయంలో మన పంచాంగమే కలిసొస్తుంది. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల తర్వాత వెళ్ళేవాళ్ళకు సముద్రం అద్దంలా ఉంటుంది. వైశాఖం చివర, జ్యేష్ఠంలో పెళ్ళైతే వానాకాలం తోసుకొచ్చేస్తుంది, ఫెర్రీలు రద్దవుతాయి. ఆషాఢంలో కొత్త కోడలు ఎలాగూ పుట్టింట్లో ఉంటుంది, ఆ నెలలో బుకింగ్ అన్న ప్రశ్నే లేదు. శ్రావణంలో పెళ్ళైనవాళ్ళు ప్రయాణాన్ని డిసెంబరుకు వాయిదా వేసుకుంటే పోయేదేమీ లేదు.

టికెట్ల దగ్గర తరచుగా జరిగే తప్పు పేరులో. ఏజెంటు శుభలేఖ చూసి పెళ్ళికూతురికి భర్త ఇంటిపేరు తగిలించి బుక్ చేస్తాడు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. విమానానికీ ఫెర్రీకీ రెండింటికీ గుర్తింపు కార్డు చూస్తారు. పేరు కార్డులో ఉన్నట్టే, అక్షరాలతో సహా రాయించండి. ఇంటిపేరు మార్చుకునే ఆలోచన ఉంటే తిరిగొచ్చాక చూసుకోవచ్చు.

సాహసమే ముఖ్యం అనుకునే జంటకు ట్రయల్ డైవ్ చప్పగా అనిపించొచ్చు. నిజానికి అందులో మీరు ఈదరు, ఇన్‌స్ట్రక్టరు సిలిండర్ పట్టుకుని తోసుకెళ్తాడు. దానికి బదులు డైవర్‌గా సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చూడండి. మూడు నాలుగు రోజులు పడుతుంది, ఖర్చు ట్రయల్ డైవ్‌కు ఎన్నో రెట్లు, చేతికి వచ్చే కార్డుతో ఎక్కడైనా 18 మీటర్ల దాకా జంటగా దిగొచ్చు. పరీక్షలో 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. కాబట్టి నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య దొరికే మూడు నాలుగు నెలల్లో ఇద్దరూ దగ్గర్లోని ఈతకొలనులో చేరిపోవాలి. థియరీ ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే పూర్తి చేసుకుంటే ద్వీపంలో ఒక రోజు మిగులుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు బీచ్‌లో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు పెట్టెలో పెట్టుకోకండి. చచ్చిన పగడమైనా తేకూడదు, విమానాశ్రయం స్కానర్‌లో కనిపిస్తే పెట్టె విప్పించి తీసేసుకుంటారు.