లండన్ జూ: పెంగ్విన్లు లేని పెంగ్విన్ పూల్

లండన్ జూకి జంతువుల కోసం వెళ్తున్నారా, కట్టడాల కోసమా అన్నది టికెట్ కొనేముందే తేల్చుకోండి. హైదరాబాద్ నెహ్రూ జూలో 380 ఎకరాలు తిరిగినవాళ్ల కంటికి ఈ 36 ఎకరాలు ఆనవు. టికెట్ ధర మాత్రం గట్టిగానే తగులుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో, శని ఆదివారాలు కాకుండా చూసి కొంటే కాస్త నయం.

నేను వెళ్లింది కట్టడాల కోసమే. ఫోటోల్లో అందరూ చూసే పెంగ్విన్ పూల్ 1934 నాటిది. ఆర్కిటెక్ట్ బెర్తోల్డ్ లుబెట్కిన్, ఇంజనీర్ ఓవ్ ఆరప్. కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి గోడ, లోపల ఒకదాన్నొకటి చుట్టుకుంటూ కిందికి దిగే రెండు కాంక్రీటు వాలుబాటలు. మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. దగ్గరగా వెళ్లి చూస్తే, అంత పల్చటి పలక అలా గాల్లో ఎలా నిలబడిందా అనిపిస్తుంది. పెంగ్విన్లు మాత్రం 2004లోనే వెళ్లిపోయాయి, కాంక్రీటు వాటి పాదాలకు పడలేదు. ఇప్పుడు అవి ఇసుక, గులకరాళ్లు పరిచిన పెంగ్విన్ బీచ్‌లో ఉన్నాయి. పిల్లల గోలంతా అక్కడే.

1965లో పూర్తయిన క్యాసన్ పెవిలియన్‌దీ అదే కథ. ఏనుగులు, ఖడ్గమృగాల కోసం కట్టారు. ఏనుగు తోలులా గీతలు పడ్డ మొరటు కాంక్రీటు గోడలు, పైన రాగి రేకుల కప్పులు. ఏనుగులు 2001లో విప్‌స్నేడ్ జూకి తరలిపోయాయి. చూసేవాళ్లను మురిపించడానికి కట్టినట్టుంది తప్ప, లోపల ఉండేవాటి సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నట్టుంది.

దానికి జవాబు డెసిమస్ బర్టన్ 1830లలో కట్టిన జిరాఫీల ఇల్లు. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేని ఇటుక కట్టడం, జిరాఫీ తల వంచకుండా వచ్చిపోయేటంత తలుపులు. నేను వెళ్లినప్పుడు కూడా అందులో జిరాఫీలే ఉన్నాయి! నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఇక్కడే.

కాలువ పక్కనున్న స్నోడన్ పక్షిశాలను కోతులకు మార్చి 2022లో మంకీ వ్యాలీగా తెరిచారు. పాత లోహపు చట్రం అలాగే ఉంది, వల కొత్తది. నలుపు తెలుపు కొలొబస్ కోతులు నెత్తిమీదుగా దూకుతుంటే నడవొచ్చు. పాత కట్టడాన్ని వాడుకుంటే ఇలా వాడుకోవాలి.

గుజరాత్ గిర్ సింహాల విభాగంలో మన రైల్వే స్టేషన్ సెట్టింగు వేశారు. ఇంగ్లిష్ పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తున్నారు. మనకైతే నవ్వొస్తుంది. సింహం మాత్రం అసలైనదే, పడుకునే ఉంది.

బస యూస్టన్ రైల్వే స్టేషన్ దగ్గర చూసుకోవడం మేలు. మేం దిగిన హోటల్లో గది ఎంత ఇరుకంటే, సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు. అయినా క్యామ్డెన్ టౌన్‌కి ట్యూబ్‌లో (లండన్ మెట్రో రైలు) నిమిషాల పని, అక్కడి నుంచి జూకి పావుగంట నడక. జూలో తిండికి పెట్టే డబ్బులు మిగుల్చుకుని సాయంత్రం యూస్టన్ పక్కనే డ్రమండ్ స్ట్రీట్‌కి వెళ్లండి. దోసె దొరుకుతుంది, సాంబారు కాస్త తియ్యగా ఉన్నా.