స్టెప్నీ మీద నెల్లూరు దాకా

కార్తీకంలో భైరవకోన పోవాలని మా ఆవిడ మూడేళ్లుగా అడుగుతోంది. ఈసారి కుదిరింది. ఒంగోలు నుంచి పొదిలి, కనిగిరి మీదుగా కోన, అక్కణ్ణుంచి ఉదయగిరి, రాత్రికి నెల్లూరు, మర్నాడు హైవే మీద ఇల్లు. వాయుగుండం రెండు రోజులు వదలకుండా కురిసి ఆ తెల్లవారుజామునే తెరిపిచ్చింది. అదే చాలనుకుని బయల్దేరాం.

మా కారు సెకండ్ హ్యాండుది. కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొదటి ఓనరు షోకిలా. 17 అంగుళాల అల్లాయి రిమ్ములకు 205/45 టైర్లు తొడిగించాడు. నేను బండి కొన్నదే వాటిని చూసి, దాచేదేముంది.

భైరవకోన మాత్రం వానల తర్వాతే చూడాలి. జలపాతం నిండుగా దూకుతోంది. ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు, గుహకో శివలింగం. తడి రాయి మీద చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని తిప్పండి. తిండి మీరే కట్టుకుపోవడం మేలు. మేం తీసుకెళ్లిన పులిహోర పక్కవాళ్లకూ సరిపోయింది.

కోన నుంచి సీతారామపురం వైపు వస్తుంటే, నీళ్లు నిండి రోడ్డుతో సమంగా కనబడ్డ గుంటలో ఎడమ ముందు చక్రం దబ్బున పడింది. స్టీరింగు కొంచెం లాగింది, అంతే. ఊళ్లో టీకి ఆగినప్పుడు మావాడు చూపించాడు: టైరు పక్కన కోడిగుడ్డంత బుడ్డ.

పంచరు షాపు కుర్రాడు దాన్ని బొటనవేలితో నొక్కి, "ఇది పంచరు కాదు సార్, లోపల దారాలు తెగినాయి. ఎప్పుడు పేలుద్దో చెప్పలేం" అన్నాడు. రిమ్ము అంచు కూడా ఒకచోట లోపలికి వంగింది. డిక్కీలోంచి స్టెప్నీ తీసి రెండూ పక్కపక్కన నిలబెట్టాడు. ఎత్తు దాదాపు ఒకటే, తేడా అంతా గోడలో. 205లో 45 శాతం అంటే 92 మిల్లీమీటర్లు, 185లో 65 శాతం అంటే 120. గుంటలో పడ్డప్పుడు ఆ దెబ్బ తినాల్సింది గోడే. సన్నగోడ రోడ్డుకూ రిమ్ముకూ మధ్య నలిగిపోతుంది. ఇన్నాళ్లూ నేను అందం అనుకున్నది ఇదన్నమాట.

స్టెప్నీని నేరుగా ముందు వెయ్యలేదు. వెనక టైరొకటి ముందుకు మార్చి, దీన్ని వెనక బిగించాడు. "ఇంజను లాగేది ముందు చక్రాల్నే గదా సార్, ఆ రెండూ ఒకటే ఉండాల." తర్వాత స్టెప్నీ గోడ మీది అంకెలు చూపించాడు: 1417. అంటే 2017లో పద్నాలుగో వారంలో తయారైంది. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరు ముదిరిపోయింది. ఇన్నేళ్లలో దాని ముఖం చూసినవాడు లేడు.

ఉదయగిరి కోట కింద నుంచే చూశాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం. ఆ స్టెప్నీతో పెట్టుకుని కొండెక్కే ధైర్యం లేకపోయింది. ఊళ్లో చెక్క గరిటెలు మాత్రం అరడజను కొన్నాం, చేతిపనికి ఆ ధర తక్కువే. ఆత్మకూరు, సంగం మీదుగా 50 దాటకుండా నెల్లూరు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.

లాడ్జి సంగతి. గది శుభ్రం, వేడినీళ్లు ఉదయం ఏడు దాకా. సెల్లారులో మాత్రం మోకాలిలోతు నీళ్లు. కారు వీధిలో పెట్టుకోమన్నారు, ఆ ముక్క బుకింగు అప్పుడు చెప్పలేదు. వానాకాలం నెల్లూరులో గది తీసుకుంటే ఏసీ కంటే ముందు పార్కింగు ఎక్కడో అడగండి. భోజనం మాత్రం మరిపించింది. చేపల పులుసు ఎప్పటిదని అడిగితే వడ్డించేవాడు "నిన్నటిదే సార్" అని గర్వంగా చెప్పాడు!

పొద్దున మినీ బైపాస్‌లో టైర్ల షాపులు. మొదటి షాపువాడు 205/50 ఆర్16 వేసుకోమని పట్టుబట్టాడు, "లావుంటే గ్రిప్పు సార్". మిషిగన్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే నవ్వాడు. "చలికాలం వస్తే ఇక్కడ చాలామంది రిమ్ము ఒక అంగుళం తగ్గిస్తారు బావా. సన్న టైరు మంచును కోసుకుంటూ పోద్ది, గోడ ఎత్తుంటే గుంటలు తట్టుకుంటది, ధరా తక్కువే. కాకపోతే మరీ తగ్గిస్తే బ్రేకుకు రిమ్ము తగులుద్ది." వింటర్ టైర్లు మనకెందుకూ పనికిరావు. మామూలు రబ్బరు ఏడు డిగ్రీల కిందికి పోతే బిగుసుకుంటుందని వాళ్లు కొండ, మంచుపువ్వు గుర్తున్న మెత్తటి టైర్లు వాడతారు. నెల్లూరు చలికి అవి ఊరికే అరిగిపోతాయి. సైజు లెక్క మాత్రం ఇక్కడా పనిచేస్తుంది, మంచుకు బదులు నీళ్లు. వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తొయ్యాలి, తొయ్యలేకపోతే పైకి తేలుతుంది. అందులో నా టైర్ల గాడులు అడుగున ఉండే గుర్తుల దాకా అరిగాయి. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. వానల్లో తిరిగేవాళ్లు మూడు దగ్గరే మార్చుకోవాలని నా అభిప్రాయం.

రెండో షాపులో పెద్దాయన వాదించలేదు. డోరు దగ్గరి స్టిక్కరు చూసి 185/65 ఆర్15, లోడ్ 88 (మొయ్యగల బరువు కోడు) టైర్లు తెచ్చి, తయారీ తేదీలు తనే చదివి వినిపించాడు. స్టెప్నీతో కలిపి ఐదు. పాత ఇనుప రిమ్ములు నాలుగు సంపాదించి పెట్టాడు. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటుతో మూడు గంటలు పట్టింది. అల్లాయిలు మూడు తీసుకుని బిల్లులో తగ్గించాడు, వంగినదాన్ని వద్దన్నాడు.

2021 నవంబరులో రైలు పట్టాలు కొట్టుకుపోయిన పడుగుపాడు దాటి హైవే ఎక్కాం. కావలి దగ్గర మళ్లీ జోరువాన. ఇదివరకు నీళ్లు నిలిచినచోట స్టీరింగు చేతిలో తేలికైపోయేది, గుండె జారేది. ఈసారి 70లో బండి గీత తప్పలేదు. అందులో కొత్త గాడుల వాటా ఎంతో, సైజు వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఇంటి ముందు దిగి మావాడు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "జ్వరం వచ్చి లేచినట్టుంది నాన్నా" అన్నాడు.