రెడీమేడ్ బిల్లింగ్ స్క్రిప్టు కొనేముందు అందులోని కాల్‌బ్యాక్ ఫైలు చూడండి

వెబ్ అప్లికేషన్ల సోర్స్ కోడ్ రెడీమేడ్‌గా కొనేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. నేను 14,000 రూపాయలు పెట్టి కొన్న బిల్లింగ్ స్క్రిప్టు ఒక రైతు బాకీని ఇంకో రైతు పేరు పక్కన చూపించింది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు ఎక్కడుందో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా మీరే పట్టుకోగలరు.

మా ఊళ్లో ఎరువుల దుకాణం నడిపే బాబాయి ఒకాయన తన ఖాతా పుస్తకాలు కంప్యూటర్‌లోకి ఎక్కించమని అడిగారు. మొదటినుంచీ రాసే టైం లేక రెడీమేడ్ కోసం వెతికాను. ఒకే జెనరిక్ కాల్‌బ్యాక్ (సర్వర్ నుంచి జవాబు వచ్చాక నడిచే ఫంక్షన్), అజాక్స్ కాల్స్ (పేజీ మళ్లీ లోడ్ కాకుండా సర్వర్‌ను అడిగేవి) అన్నిటికీ అదే సరిపోతుందని ప్రకటనలో ఉంది. నేను పడిపోయింది అక్కడే. అదే సక్సెస్ ఫంక్షన్, అదే ఎర్రర్ ఫంక్షన్ యాభై చోట్ల రాయడం ఎంత చికాకో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. డెమో కూడా చూశాను. వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ పెట్టుకుని స్క్రీన్ షేర్‌లో చూపించారు. ఎక్కడా ఆగలేదు.

ఖరీఫ్ మొదలై దుకాణం రద్దీగా ఉన్న రోజు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్ నడుస్తోంది. బాబాయి ఒక రైతు పేరు నొక్కి, బాకీ రాకముందే కింది పేరు నొక్కారు. మొదటి రైతు బాకీ రెండో రైతు గడిలో వచ్చి కూర్చుంది. "నాకు అంత బాకీ లేదండీ" అని ఆ పెద్దాయన అంటున్నా బాబాయి స్క్రీన్‌నే నమ్మారు. పాత పుస్తకం తీసేదాకా మాటా మాటా పెరిగింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇరవై ఏళ్లుగా మన దగ్గరికే వస్తున్న మనిషిరా ఆయన" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

రాత్రి కోడ్ తెరిచి చూశాను. జవాబు ఏ గడిలో వేయాలో వాళ్ల కాల్‌బ్యాక్ అన్ని కాల్స్‌కీ ఉమ్మడిగా ఉండే ఒక గ్లోబల్ వేరియబుల్‌లో దాచుకుంటోంది. రెండో కాల్ వెళ్లగానే అందులోకి రెండో గడి వచ్చేస్తుంది. ఆ తర్వాత మొదటి కాల్ జవాబు వచ్చినా అది రెండో గడికే పోతుంది. అసింక్రనస్ కాల్స్, అంటే జవాబు కోసం ఆగకుండా పంపేవి, వెళ్లిన వరసలోనే జవాబులు రావాలని ఏమీ లేదు. రెండోది ముందొచ్చి మొదటిది ఆలస్యమైతే తప్పు అంకె అలాగే నిలిచిపోతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో జవాబులు వెంటవెంటనే వచ్చేస్తాయి కాబట్టి డెమోలో ఇది బయటపడదు.

ఇంకా వెతికితే అంతకంటే పెద్దది దొరికింది. సెషన్ టైం అయిపోయాక సేవ్ నొక్కితే సర్వర్ లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. బ్రౌజర్ ఆ మళ్లింపును తనంతట తానే అనుసరించి, లాగిన్ పేజీని 200 కోడ్‌తో (అడిగింది సవ్యంగా అందిందని అర్థం) తెచ్చి ఇస్తుంది. ఈ కాల్‌బ్యాక్ 200 కనిపిస్తే చాలు, వచ్చిందేమిటో చూడకుండా 'సేవ్ అయింది' అని చూపిస్తుంది. అలా నాలుగు బిల్లులు ఎక్కడా సేవ్ కాలేదు. ఎర్రర్ ఫంక్షన్ అయితే పూర్తిగా ఖాళీ.

అజాక్స్ కాల్స్‌కు వాడిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ కూడా పాతదే. కాల్ చివర చుక్క పెట్టి సక్సెస్ అని తగిలించే పద్ధతిని 3.0 వెర్షన్‌లో, అంటే 2016లోనే తీసేశారు. కొత్త వెర్షన్ పెట్టగానే పేజీలు ఆగిపోయాయి. జేక్వెరీ బదులు ఫెచ్ (బ్రౌజర్‌లోనే ఉండే పద్ధతి) వాడిన స్క్రిప్టు కదా, కొత్తదే కదా అని ధీమా పడకండి. 404 (అడిగింది దొరకలేదు) వచ్చినా 500 (సర్వర్‌లో తప్పు) వచ్చినా ఫెచ్ ఇచ్చే ప్రామిస్ (జవాబు కోసం ఇచ్చే ఆబ్జెక్ట్) రిజెక్ట్ కాదు, అంటే తప్పుగా లెక్కలోకి రాదు. రెస్పాన్స్‌లో 'ఓకే' విలువను మనమే చూసుకోవాలి.

జెనరిక్ కాల్‌బ్యాక్ అనే ఆలోచనలో తప్పేమీ లేదు, అది మంచి పద్ధతి. గడి ఏది, జవాబు వస్తే ఏం చేయాలి, తప్పు జరిగితే ఏం చేయాలి అనే మూడూ తీసుకుని ప్రతి కాల్‌కీ కొత్త కాల్‌బ్యాక్ తయారుచేసి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాశాను. క్లోజర్ (ఫంక్షన్ తను తయారైనప్పటి విలువలను గుర్తుంచుకోవడం) వల్ల ఎవరి గడి వాళ్ల దగ్గరే ఉంటుంది. సెర్చ్ లాగా జవాబులన్నీ ఒకే పెట్టెలోకి వచ్చేచోట మాత్రం ఇది చాలదు, పాత కాల్‌ను అబార్ట్ చేయాల్సిందే, అంటే మధ్యలోనే రద్దు చేయాలి.

డబ్బు కట్టేముందు డెమో లింకు అడగండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగం తగ్గించి, రెండు వరసలు వెంటవెంటనే నొక్కండి. తర్వాత కుకీలు తుడిచేసి సేవ్ నొక్కండి. ఆఫ్‌లైన్ పెట్టి ఇంకోసారి నొక్కండి. అన్నీ కలిపి పది నిమిషాల పని. లింకు ఇవ్వం, స్క్రీన్ షేర్ మాత్రమే చూపిస్తాం అంటే కొనకండి.

నా డబ్బు తిరిగి రాలేదు. డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ ఉండదన్నారు, సపోర్ట్ ప్యాక్ విడిగా కొనమన్నారు. ఇలాంటి స్క్రిప్టు ఇప్పటికే నడుపుతున్నవాళ్లు ఈ రాత్రికే సేవ్ అయిన బిల్లుల సంఖ్యను చేతి పుస్తకంతో సరిచూసుకోండి. గడుల సంగతి రేపు చూడొచ్చు.