ముందే తవ్వడమా, పని జరుగుతుంటే చూసుకోవడమా?

పాతబస్తీ మెట్రో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్లు. ఇలాంటి పాత ఊళ్లో పిల్లర్లు వేసేముందు నేల కింద పాతకాలపు ఆనవాళ్లు ఏమున్నాయో చూడాలంటే రెండు దారులు.

ఒకటి, పనికి ముందే పురావస్తు తవ్వకం. లండన్‌లో క్రాస్‌రైల్ అనే రైలు మార్గం కోసం లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర 2015లో చేసింది ఇదే. పాత శ్మశానంలో 3,000కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. పళ్లలో దొరికిన డీఎన్‌ఏతో 1665 ప్లేగుకు కారణమైన క్రిమి ఏదో తేలింది. ఈ దారిలో నెలలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

రెండోది, యంత్రం తవ్వుతుంటే పక్కన నిపుణుణ్ణి నిలబెట్టడం. చవక. డ్రైనేజీ గొయ్యికి సరిపోతుందేమో. పిల్లరు కోసం లోతుగా పైల్ (నేలలోకి దిగే పునాది స్తంభం) రంధ్రం వేస్తే పైకొచ్చేది కలగాపులగం బురద. అందులో కుతుబ్‌షాహీల కాలపు కుండ పెంకు ఏది, నిన్నటి చాయ్ కప్పు ముక్క ఏది? కనీసం పిల్లర్లు పడే చోట్లయినా ముందే చేత్తో గుంటలు తవ్వి చూడాలంటాను.