నూరువరహాలు: ఆరేళ్లు పెంచాక చెప్తున్నా

ఏడాదంతా పూసే మొక్క ఏదని అడిగితే ఇప్పటికీ నూరువరహాల పేరే చెప్తాను. కానీ గుంటూరు బోరు నీళ్లతో పెంచాలనుకుంటే ఇది చదివాక కొనండి.

ఆరేళ్ల కిందట కడియం నుంచి ఆరు మొక్కలు తెచ్చి నాలుగు గేటు పక్కన నేలలో, రెండు కుండీల్లో పెట్టాను. రోహిణి కార్తె ఎండకు గులాబీలు మాడిపోతుంటే ఇవి ఎర్రగా గుత్తులు గుత్తులుగా పూశాయి, చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ కళ్లు మూసుకుని పెట్టుకోమన్నాను. రెండో ఏడాది నుంచి కొత్త ఆకులు పాలిపోయాయి. ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి, మధ్యలో అంతా నిమ్మపండు రంగు. ఎరువు చాలట్లేదని నర్సరీలో అంటే పశువుల ఎరువు, వేపపిండి, డీఏపీ అన్నీ వేశాను, ఇంకా పాలిపోయాయి. నీళ్లు వృథా ఎందుకని ఆర్వో మెషీన్ వదిలే నీళ్లు కూడా వాటికే పోసేవాళ్లం.

మే నెలలో ఒకరోజు చూస్తే ఐదు మొక్కలూ పసుపు రాసినట్టున్నాయి, ఏసీ పైపు కింద ఉన్న కుండీలోది మాత్రం ముదురాకుపచ్చగా నిగనిగలాడుతోంది. మట్టి అదే, ఎరువు అదే, తేడా అంతా నీళ్లలోనే. మా బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ సున్నం మట్టిలో పేరుకుంటే ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఆర్వో వదిలే నీళ్లలో ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి, అవి రెండేళ్లు పోశామని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వానాకాలంలో కాస్త కోలుకుని సంక్రాంతికల్లా మళ్లీ ఎందుకు పాలిపోయేవో అప్పుడర్థమైంది.

లీటరు ఏసీ నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టాను. మూడోసారికి చిగురు ఆకుపచ్చగా వచ్చింది. గచ్చు మీద పడనివ్వకండి, తుప్పు మరకలు పోవు.

ఏడాదంతా అన్నాను గానీ డిసెంబరు, జనవరిలో గుత్తులు పలచబడతాయి, కొమ్మలు కత్తిరిస్తే కొన్ని వారాలు పూలుండవు. ప్రహరీ కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్లలు పూడ్చిన చోట పెట్టింది ఎన్ని చేసినా బతకలేదు. అక్కడ గన్నేరు వేస్తే ఆ బోరు నీళ్లకే హాయిగా పూస్తోంది, కాకపోతే అది విషం, మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు కాబట్టి వేశాను.

మాకు రెండు ఏసీలున్నాయి, వేసవిలో వచ్చే నీళ్లు మిగిలిన ఐదింటికీ సరిపోతున్నాయి. పదో పదిహేనో పెట్టి ఉంటే ఏం చేసేవాళ్లమో చెప్పలేను.