కలంకారీ వర్క్‌షాప్: రెండు రోజులు చాల్లేదు

స్కూల్లో వదిలేసిన బొమ్మలు గీయడం నలభై ఏళ్లు దాటాక మళ్లీ మొదలుపెట్టాను, హైదరాబాద్‌లో పెద్దవాళ్ల కోసం పెట్టిన శ్రీకాళహస్తి కలంకారీ వర్క్‌షాప్‌లో. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన బట్ట ఇచ్చి ముందు చింతపుల్లల బొగ్గుతో గీయించారు, తర్వాత వెదురు కలం. దానికి చుట్టిన గుడ్డని ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది, ఆ నొక్కుడు వేలికి తెలియడానికే నాకు మొదటి పూటంతా పట్టింది. నేర్పినాయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, గీత వణికితే "కంగారు పడకండమ్మా, ఊపిరి బిగబట్టకుండా గీయండి" అన్నారంతే. కలానికి రంగుగా ఇచ్చింది బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లు, అవి కరక్కాయ తగిలి బట్ట మీద నల్లగా తేలుతుంటే చూడాలి, ఎంత బాగుంటుందో!

నచ్చనిది రెండో రోజు. పటిక పూసి, రంగులో ఉడకబెట్టి ఎరుపు తెప్పించే పనికి టైమ్ లేదని రెడీమేడ్ రంగులు చేతికిచ్చారు. ఈ మాట ఫీజు కట్టించుకునే ముందే చెప్పాల్సింది. పైగా పాతికమందికి ఒక్కరే గురువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే కుర్చీ అడగండి, కూర్చునేది నేల మీదే. గీత నేర్చుకోవడానికైతే తప్పకుండా వెళ్లండి. వారం రోజుల క్లాస్ పెడితే నేను మళ్లీ చేరతాను.